పెన్సిల్ గీతలోని బాయి

బడి పుస్తకాల్లో భూమి లోపలి బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పైపొరను బత్తాయి తొక్కంత మందంగా గీసి, రంగులు పూసి వదిలేస్తారు. కింద ఒక్క కొలత ఉండదు. పిల్లలు అదే నిజమనుకుంటారు. రెండువేల ఆరు ప్రాంతంలో, కారేపల్లి దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, సైన్స్ ఫెయిర్ కోసం సరైన బొమ్మ నేనే గీస్తానని కూర్చున్నాను. బజార్లో అచ్చేసిన చార్టు దొరుకుతుంది కదా అని తోటి టీచర్లు నవ్వారు. నాకు పంతం పెరిగింది.

పాల్వంచలో తెలిసిన లెక్చరరు దగ్గర రెండు భూగర్భశాస్త్ర పుస్తకాలు అడిగి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. పైపొర మందం రెండింటిలోనూ ఒకటిగా లేదు. రెండు అంకెలూ వేసి, ఏది ఏ పుస్తకంలోదో చార్టు అడుగున రాశాను. లోపలికి పోయి చూసినవాళ్ళెవరూ లేరని, ఇవన్నీ భూకంపాల అలలను బట్టి కట్టిన లెక్కలని కూడా రాశాను.

వంద కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున కొలత పెట్టుకున్నాను. గుండ్రం మొత్తం పట్టదు గనుక పావు ముక్కే గీయాలి. అమ్మ చెక్క మంచం మీద పరుపు తీసేసి, రెండు చార్టులు అతికించి పరిచి, మూలన మేకు కొట్టి, దారానికి పెన్సిల్ కట్టి లాగాను. దారం సాగి గీత వంకరపోయింది. చెరిపేసి సన్నని ఇనుప తీగతో మళ్ళీ గీశాను. తన మంచానికి మేకు కొట్టానని అమ్మ సణుగుతూనే, చార్టు కదలకుండా రెండో వైపు పట్టుకుంది.

నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడు. డ్యూటీకి పోతున్నానని ఎప్పుడూ అనేవాడు కాదు, "దిగొస్త" అనేవాడు. నేను పదో తరగతిలో ఉండగా గని పైకప్పు కూలి లోపలే పోయాడు, శవం కూడా బయటికి రాలేదు. పరామర్శకు వచ్చిన తోటి కార్మికులు అమ్మతో, "శాన లోతుల ఉండె వదినె, మా చేతికందలే" అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకునే బతికింది. భూమి నడుమ నిప్పు దగ్గరిదాకా దిగిన మనిషిని ఎవరు మాత్రం తేగలరని, వచ్చినవాళ్ళకు తానే సర్దిచెప్పేది.

బొమ్మ పూర్తయ్యాక అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. మూలన ఆ ఎర్రటిది ఏంది అని అడిగింది. భూమి నడుమ ఉండే ఇనుము, మధ్యలో గట్టిది, దాని చుట్టూ కరిగినది అని సంబరంగా చెప్పాను.

"మీ నాయిన బాయి యాడున్నది?"

పెన్సిల్ మొన అన్నిటికంటే పై గీత మీద పెట్టాను. "ఈ గీతలనే అమ్మా. బాయి లోతు ఈ గీత మందం గూడ ఉండదు."

అమ్మ వంగి చాలాసేపు చూసింది.

"గింత పైననే ఉంటే, మరి ఎందుకు తీస్కరాలేకపోయిండ్రు బిడ్డా?"

నా దగ్గర జవాబు ఉంది. మనిషి ప్రాణం తీయడానికి అంత లోతు అక్కర్లేదని, మీద పడిన రాయి బరువు చాలునని చెప్పాను. అమ్మ చెవికి ఎక్కలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకూ ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ అందని చోట ఉన్నాడనుకున్న మనిషిని నేను స్కేలు పెట్టి చేతికందే దూరంలోకి తెచ్చాను.

చార్టు ఫెయిర్‌కు పోయింది. పైపొర మరీ సన్నగా ఉంది, పిల్లలకు కనపడదు అన్నారు చూసినవాళ్ళు. ప్రైజు రాలేదు. నేను పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకు అమ్మ మిగిలిన తెల్ల చార్టు తెచ్చి నా ముందు పెట్టింది. "నాకొకటి గియ్యి. పైది జర దొడ్డుగ గియ్యి."

గీశాను. బత్తాయి తొక్క కంటే మందంగా, జానెడు వెడల్పున మట్టిరంగు నింపాను. కొలత వేయలేదు, ఏ పుస్తకం పేరూ రాయలేదు. బాయి గుర్తు పెట్టమంటే ఆ మట్టిరంగు మధ్యలో పెన్సిల్ ఆనించాను.

"ఇంకా కిందికి" అన్నది అమ్మ.

జరిపాను. అమ్మ నా చేతి మీద తన చేయి వేసి మెల్లగా నెట్టింది.

"ఇంకా కిందికి, బిడ్డా."