ఫ్యూజక్క వేసిన క్లచ్ వైరు

తనకి ఫ్యూజక్క అని పేరు పెట్టినవాడెవడో తెలిస్తే ఇప్పటికైనా పట్టుకుని నాలుగు వాయించాలని ఆవిడ కోరిక. బండ్లకి వైరింగ్ చేసే కొట్టు ఆవిడది. ఫ్యూజులు బాగా మారుస్తుందని కాదు, టప్పున ఎగిరిపోతుందని డ్రైవర్లంతా కలిసి తగిలించిన పేరది. "అక్కా, కాస్త తొందరగా..." అని ఎవడైనా నసిగితే వాడి చేతిలో ప్లయర్ పెట్టి, "అయితే నువ్వే చేసుకో నాయనా, నేను కూర్చుని చూస్తా" అనేది. పని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. చిన్నప్పుడు వైరు తొక్కలు పళ్ళతో లాగీ లాగీ ముందు పన్ను కాస్త విరిగింది. ఆ విరిగిన పన్ను కనబడేలా నవ్విందంటే పని అయినట్టు. పెదాలు బిగించిందంటే ఎవరికో మూడినట్టు.

ఈసారి మూడింది ఆవిడ మరిదికి. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లేసుకుని తిరిగిన పిల్లాడు. ఇప్పుడు సొంత పికప్ బండి మీద పెద్ద రోడ్డెక్కి సరుకులు తోలుతున్నాడు. ఒకరోజు చంకలో ఒక పెట్టె పెట్టుకుని కొట్టుకొచ్చాడు.

"వదినా, ఇది నా బండికి బిగించాలి. క్రూజ్ కంట్రోల్."

"ఏం, కాలు పెట్టి తొక్కడానికి బద్ధకమా దొరగారికి?"

"కుడి మోకాలు లాగేస్తోంది వదినా. ఆక్సిలేటర్ మీద కాలు ఆనించి ఉంచలేకపోతున్నా. ఇది పనిచేసిందా సరే, లేదంటే బండి అమ్మేసి ఇంట్లో కూర్చోవడమే. స్టీరింగ్ తిప్పడం తప్ప నాకింకో పని రాదు. నీకు తెలియందేముంది?"

తెలుసు. అందుకే చేతిలో ఉన్న పని పక్కన పడేసి ఆ పెట్టె విప్పింది.

మీట నొక్కితే చాలు, ఆక్సిలేటర్ మీంచి కాలు తీసేసినా బండి అదే వేగంతో పోతుంది. బ్రేకు తాకితే వదిలేస్తుంది. గేర్లు వాటంతటవే మారే బండికైతే అంతే సంగతి. ఇతనిది చేత్తో గేర్లు మార్చే బండి. దీనికి క్లచ్ దగ్గర కూడా ఒక స్విచ్ పెట్టి తీరాలి. లేకపోతే డ్రైవరు క్లచ్ తొక్కినప్పుడు పెట్టె వదలదు, బరువు తప్పిన ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది. అందుకని ఫ్యూజక్క సీటు కింద దూరి, మెడ వంకరపోయేదాకా పడుకుని, క్లచ్ పెడల్ రవ్వంత కదిలినా పట్టేసేలా స్విచ్ బిగించింది. సందుల్లో ఈ పెట్టె పనిచేయదు, వేగం అందుకోవాలి. కాబట్టి బండి తోలి చూడకుండా, కరెంటు పారితే వెలిగే టెస్ట్ బల్బు పెట్టి ప్రతి వైరూ చూసుకుని, విరిగిన పన్ను కనబడేలా నవ్వి తాళంచెవి ఇచ్చింది.

మర్నాడే తిరిగొచ్చాడు. "పట్టినట్టే పట్టి వదిలేస్తోంది వదినా."

అతుకుల్లో ఏదో తేడా ఉందేమోనని అన్నీ విప్పి మళ్ళీ అతికింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే పాట. స్విచ్చే మార్చేసింది. ఈసారి వస్తూ వస్తూ ఒక సలహా కూడా మోసుకొచ్చాడు.

"పైవీధి మెకానిక్‌కి చూపించాను. ఆ క్లచ్ వైరు తెంపి పారేస్తే సరిపోతుందట."

"వాడి తల తెంపి పారెయ్యమను! ఎవర్ని అడిగి నా వైరింగ్ వాడికి చూపించావు?"

"నీ చేతిలో అవట్లేదుగా మరి!"

ఆ ముక్క ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చాలదన్నట్టు ఇంటికెళ్ళేసరికి మొగుడు అందుకున్నాడు. "నీకు రాకపోతే రాదని చెప్పు. వాణ్ణి ఊరికే ఎందుకు తిప్పుతావు?" తమ్ముడు చెప్పిందే వేదం ఆ మహానుభావుడికి. ఆ పూట ఇంట్లో గిన్నెలు మోగినంతగా మనుషులు మాట్లాడలేదు.

పొద్దున్నే మరిది బండి ముందు నిలబడింది. "పద, నేనూ ఎక్కుతా. నా వైరింగ్‌లో తప్పుందని తేలితే కొట్టు తాళం ఆ పైవీధి వాడి చేతిలో పెట్టి వచ్చేస్తా."

టెస్ట్ బల్బుని క్లచ్ స్విచ్‌కి తగిలించి, డ్యాష్‌బోర్డు మీద టేపుతో అంటించింది. క్లచ్ కదిలితే వెలుగుతుంది, లేకపోతే లేదు. పెద్ద రోడ్డెక్కారు. బండి వేగం అందుకోగానే అతను మీట నొక్కాడు. పట్టింది. కాసేపటికి బల్బు వెలిగింది, పెట్టె వదిలేసింది.

"క్లచ్ మీంచి కాలు తియ్యి."

"కాలు క్లచ్ మీద లేదు వదినా."

"బల్బు వెలుగుతోందయ్యా!"

"అయితే నీ బల్బుకి పిచ్చెక్కింది. నా కాలు కింద ఉంది. ఒట్టు."

వంగి చూసింది. ఎడమ కాలు నిక్షేపంగా క్లచ్ పెడల్ మీదే ఉంది. పైగా దానికి చెప్పు లేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచి కడిగేద్దామని తలెత్తితే, అతను రోడ్డు చూస్తూ ఉన్నాడు. అబద్ధమాడేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో ఆవిడకి నిక్కర్ల కాలం నుంచి తెలుసు. ఇది ఆ మొహం కాదు.

"ఎడమ కాలి చెప్పేది?" అంది మెల్లగా.

"కాలికే ఉంది. ఎక్కడికి పోతుంది?"

"బండి పక్కకి ఆపు."

"ఏమైంది వదినా?"

"ఆపరా ముందు!"

ఆపాడు. కిందికి చూసుకున్నాడు. పెడల్ మీది కాలుని, లేని చెప్పుని చూసి మొహం పాలిపోయింది. ఆవిడ చెయ్యి చాచి అతని బొటనవేలు గోరు దిగేలా గిల్లింది.

"తెలుస్తోందా?"

అతను వేలి మీద పడ్డ గోటి గాటు వంకే చూస్తున్నాడు.

"తెలుస్తోందా అని అడుగుతున్నా!"

"మోకాలు నొప్పి అబద్ధం వదినా," అన్నాడు చివరికి. "కుడి అరికాలు మొద్దుబారిపోయింది. షుగర్ వల్లేనన్నాడు డాక్టరు, బండి మానెయ్యమన్నాడు. ఆక్సిలేటర్ ఎంత తొక్కుతున్నానో తెలియట్లేదు. ఈ పెట్టె ఉంటే ఆ పని అదే చూసుకుంటుంది కదా అని... ఎడమ కాలు బాగానే ఉందనుకున్నా. నిజంగా అనుకున్నా."

"మరి బ్రేకో? బ్రేకు తొక్కే కాలు కూడా ఆ పెట్టెలో పెట్టి ఇచ్చారా నీకు? మొన్న నా కూతుర్ని పరీక్షకి తీసుకెళ్ళింది ఈ బండిలోనే కదరా! ఈ కాళ్ళతోనే కదరా!"

అరిచి అరిచి గొంతు పోయింది. వాడి మీద కోపం, దాచినందుకు. మొగుడి మీద కోపం, తమ్ముడి కాళ్ళు చూడకుండా పెళ్ళాం చేతులకి వంక పెట్టినందుకు. ఆ పైవీధి వాడి మాట విని క్లచ్ వైరు తెంపేసి ఉంటే పెట్టె చక్కగా పట్టి ఉండేది, ఈ కాళ్ళ సంగతి ఎవరికీ తెలిసేది కాదు, వీడు హాయిగా లోడేసుకుని పోయేవాడు. అది తలుచుకుని ఆవిడ తాళంచెవి లాగేసుకుంది.

"దిగు. ఇటొచ్చి కూర్చో. నేను నడుపుతా."

"ఇంట్లో చెప్పకు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"మైకు పెట్టి చెప్తా. దిగు."

"నాకింకో పని రాదు వదినా."

"నేర్పుతా, చచ్చినట్టు నేర్చుకో. వైరు తొక్క తీయడానికి కాళ్ళతో పనిలేదు."

అతను బండి పట్టుకుని నడుస్తూ ఇటువైపుకి వచ్చి కూర్చున్నాడు. కిటికీ వైపు తిరిగి మొహం తుడుచుకుంటుంటే ఆవిడ చూడనట్టు ఊరుకుంది. బండి వెనక్కి తిప్పి పెద్ద రోడ్డెక్కించింది. వేగం అందుకోగానే, కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక, ఆ మీట మీద ఠప్పున కొట్టి కాళ్ళు రెండూ కింద పెట్టేసింది.

పెట్టె పట్టింది. ఎత్తెక్కినా వదల్లేదు, పల్లంలో దిగినా వదల్లేదు. ఇన్నాళ్ళూ తన వైరింగ్‌లో తప్పు లేదని మరిదితో, మొగుడితో, పైవీధి దాకా పోట్లాడిన మనిషి ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీది బల్బుని కళ్ళార్పకుండా చూస్తోంది. "తప్పు నాదే అవనీ, వెలగవే," అని పళ్ళు కొరికింది. "ఒక్కసారి వెలిగి చావవే!"

అది వెలగలేదు.