చిన్న కొండచిలువకు గ్రేవీ పోసిన ఆంటీ

మా కింది ఫ్లాట్ ఆంటీ పోయారు. సోమవారం పొద్దున నేను ఆఫీసుకు బస్సెక్కుతుంటే వాళ్లమ్మాయి నాటింగ్‌హామ్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. బస్సులో కూర్చుని ఏడ్చాను. రెండు స్టాపులు దాటేసరికి, ఆంటీ మెట్ల మీద నిలబడి వేసిన కేక గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ కేక సంగతి మీకు చెప్పాలి.

ఆవిడ తెనాలి నుంచి నర్సుగా ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చి, ఇక్కడి వార్డుల్లోనే రిటైరైన మనిషి. నేను కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, ఆవిడ పై ఫ్లాట్‌లో దిగాను. చదువు ముగించి ఇంటికెళ్లిపోతూ మా సీనియర్ ఒకమ్మాయి తన పెంపుడు పామును నాకు అప్పగించింది. రాయల్ పైథాన్ అంటారు, చిన్నజాతి కొండచిలువ. ఏడాది కూడా నిండని పిల్ల.

అప్పటిదాకా అది తిన్నది చిట్టెలుకలు. షాపుల్లో ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు. ఎదిగే పాముకు అవి చాలవు, కాస్త పెద్దవైన ఎలుకపిల్లలకు అలవాటు చేయమన్నాడు షాపాయన. పెట్టాను. మొహం తిప్పుకుంది. భయపడి మళ్లీ చిట్టెలుకనే ఇస్తే దాన్నీ ముట్టలేదు. ఆరు వారాలు గడిచాయి. ఇంకా బరువు తగ్గితే గొట్టంతో తినిపించాల్సి వస్తుందని జంతువుల డాక్టర్ చెప్పింది.

ఆ రోజు మెట్ల దగ్గర ఆంటీ నన్ను ఆపారు.

"ఏంటమ్మాయ్, మొహం అట్లా పీక్కుపోయింది?"

"మా పాము తింటలేదాంటీ."

"పామా! ఇన్నాళ్లూ నా నెత్తి మీద పామును పెంచుతున్నావా?"

రెండడుగులు వెనక్కి వేశారు. కానీ ఆమెలోని నర్సు ఊరుకోలేదు.

"రోజుకెన్నిసార్లు పెడుతున్నావ్?"

"పొద్దుగాల, సాయంత్రం. నడుమ నడుమ మూత తీసి చూస్తున్న."

"అదీ సంగతి. తిననివాళ్ల ఎదురుగా పళ్లెం పట్టుకుని నిలబడకూడదమ్మా. ఆకలి పోయి భయం పట్టుకుంటది."

పది రోజులు దాని జోలికి పోవద్దని ఆర్డరేశారు. పాత డ్యూటీ రోటా కాగితం వెనక చార్టు గీసి నా ఫ్రిజ్‌కు అంటించారు. బరువెంత, ఏం పెట్టాం, అదేం చేసింది.

పదకొండో రోజు ఆదివారం. చర్చి నుంచి పట్టుచీరలోనే నేరుగా పైకి వచ్చారు. చేతులకు రెండు జతల గ్లోవ్స్.

"మా వార్డులో ఒక తాత ఉండేవాడు. గ్రేవీ పోస్తేగానీ ఏదీ ముట్టేవాడు కాదు. మీ పిల్లకీ తెలిసిన వాసన కావాలేమో. గ్రేవీ పోద్దాం."

గ్రేవీ అంటే చిట్టెలుకే. దాన్నీ ఎలుకపిల్లనూ ఒకే కవర్లో వేసి, ఐసు కరిగాక ఒకదానికొకటి బాగా రుద్దాం. ఆ కవరును వేడినీళ్లలో ఉంచాం. ఎలుకపిల్ల గోరువెచ్చగా అయ్యాక, పొడవాటి పటకారుతో పట్టుకుని పాము ముందు పెట్టాను.

"కొద్దిగా ఆడించు," అని గుసగుసలాడారు ఆంటీ.

నాలుక బయటికొచ్చింది. ఒకసారి, రెండుసార్లు, తర్వాత గబగబా. మెడ వెనక్కి లాక్కుంది. ఆంటీ గ్లోవ్స్ చేత్తోనే నా జబ్బ గట్టిగా పట్టుకున్నారు.

టప్! ఎప్పుడు దూకిందో కనిపించనే లేదు. చూసేసరికి పటకారు ఖాళీ, ఎలుక చుట్టూ రెండు చుట్లు!

అలికిడైతే వదిలేస్తుందని ఊపిరి బిగబట్టి, మునివేళ్ల మీద బయటికొచ్చాం. తలుపు మూయగానే ఆంటీ మెట్ల మీద నిలబడి కేకేశారు. "తినేసిందే! తల్లీ, తినేసింది!"

ఎదురు ఫ్లాట్ ముసలాయన తలుపు తీసి, "యు ఆల్‌రైట్, లవ్?" అన్నాడు.

"షి హాజ్ ఈటెన్!" అంటూ ఆంటీ ఆ గ్లోవ్స్‌తోనే ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

తర్వాతి వారం గ్రేవీ సగం తగ్గించాం. ఆపై వారం అసలు లేకుండానే తింది. ప్రతిసారీ ఆంటీ చార్టులో టైము రాసి సంతకం పెట్టేవారు. నా డిసర్టేషన్ ముందుకు కదలనప్పుడూ ఇదే వైద్యం. వారంపాటు లాప్‌టాప్ మూయించారు. తర్వాత నాకు బాగా వచ్చిన భాగంతో మొదలుపెట్టించారు. అట్లా పాసయ్యాను.

మొన్నటి చలికాలంలో ఒక మధ్యాహ్నం నేను టీ పట్టుకుని గదిలోకి వస్తే, ఆంటీ హీటర్ పక్కన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. చేతికి మోచేయి దాకా పాము చుట్టుకుని ఉంది. "చూడవే, మంచు," అంటున్నారు దానితో. అది తలెత్తి, కిటికీ అద్దం మీద మెల్లగా నాలుక ఆడిస్తోంది. అవతల మంచు పడుతూనే ఉంది.