ఊపిరిలో సవతి

ధర్మవరంలో మగ్గాల వీధిలో ఉండే యమునకు ఒక సవతి ఉంది. ఆమె ఊరేమిటో, పేరేమిటో, ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. పైగా చనిపోయిన మనిషి. అయినా సరే, ఆమె మాటెత్తితే యమునకు ఒళ్లు మంట.

యమున మొగుడు ధనుంజయ పట్టుచీరలు నేసేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయి మంచం పడితే, బెంగళూరు ఆసుపత్రిలో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తులు తీసి పెట్టారు. ఎవరివో చెప్పకూడదన్నారు. అక్కడి ఆయా మాత్రం నోరు ఊరుకోక, “ఎవరో ఆడమనిషివంట” అనేసింది.

ఇంటికొచ్చాక ధనుంజయ రోజూ పొద్దున్నే ఎద మీద చెయ్యి పెట్టుకుని “తల్లీ, నీ చలవ” అనేవాడు. తల్లీ అన్నా యమున చెవికి అది వేరేగానే వినబడేది. ఆక్సిజన్ సిలిండర్ మోసి, గంజి తాగించిన పెళ్లానికి ఒక్కనాడైనా ఆ మాట దక్కిందా? మళ్లీ మగ్గం దగ్గర కూర్చున్న రోజు, రంగు దారాలు ముందేసుకుని, “ఆమెకు ఏ రంగంటే ఇష్టమో?” అన్నాడు. యమునను ఏనాడూ అలా అడిగి ఎరగడు. ఆ పూట వంటింట్లో గిన్నెల మోత వీధి మొగదాకా వినిపించింది.

కొద్దిరోజులకు ఆయనకు మళ్లీ ఆయాసం మొదలైంది. చూపించుకుందామని ఇద్దరూ బెంగళూరు రైలెక్కారు. పెనుకొండ దాటుతుండగా ఆయన చెయ్యి మళ్లీ ఎద మీదికి పోయింది. యమున ఆపుకోలేకపోయింది.

“దాన్నే తలుచుకుంటా కూచో! అది పోతేగానీ నాకు నెమ్మది లేదు.”

“ఆమె పోతే నేనూ పోతా కదమ్మే,” అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. హిందూపురం వచ్చేసరికి ఆయాసంతో ఆయనకు మాట పెగల్లేదు.

ఆసుపత్రిలో డాక్టర్ సాయిసుధ పరీక్షలు చూసి చెప్పింది. “మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయమ్మా. రోగాలు రాకుండా చూసేది అవే. కానీ వాటి లెక్కలో ఈ ఊపిరితిత్తులు బయటివి. మాత్రలతో అణిచినా మళ్లీ మీదపడుతున్నాయి.”

యమునకు రైల్లో తనన్న మాట గుర్తొచ్చింది. “నా నోరే తగిలిందా డాక్టరమ్మా?”

“నీ మాటకేం కాదులే. ఆ కణాల్లోనే సర్దిచెప్పేవి కూడా ఉంటాయి. ఇది మనదే, వదిలేయండని మిగతావాటిని ఆపుతాయి. గొడవచేసేవాటిని మందుతో తగ్గిద్దాం. సర్దిచెప్పేవాటిది పైచేయి అయితే గండం గడిచినట్టే.”

మందు ఎక్కుతుంటే ధనుంజయ కళ్లు మూసుకుని పడుకున్నాడు. యమున మాస్కు సర్దుకుని మంచం పక్కన కూర్చుంది. ఆమె కుళ్లు పోయిందా అంటే పోలేదు, అబద్ధమెందుకు. ఆ ఎదలో ఇంకో ఆడది ఉందనుకుంటే ఇప్పటికీ గొంతులో ముల్లే. కానీ ఆ ముల్లు పోతే మొగుడూ ఉండడు.

ఆయన ఎద మీద మెల్లగా చెయ్యి పెట్టింది. లోపల ఊపిరి గరగరమంటూ ఆడుతోంది. అన్నాళ్లూ అది, ఇది అని తప్ప అనని నోటితో “అక్కా” అని పిలిచింది.

“నువ్వంటే నాకు పడదు. అయినా పోవద్దు, ఈడే ఉండు. ఆయప్ప చేత నీకు చీర నేయిస్తా. రంగు మాత్రం నేనే చెప్తా.”