ఆవకాయా, నాయనమ్మ కన్నూ

ఎనభైల్లో, ఇంటర్ మొదటి ఏడాది అయిన వేసవిలో, నూజివీడులో ఇంగ్లీషు ట్యూషన్‌కి వెళ్ళేదాన్ని. మాస్టారు ఒకరోజు ‘అవుట్‌వెయ్’ అనే క్రియ చెప్పారు. రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒకటి ఎక్కువ ముఖ్యమని తేలితే, అది రెండోదాన్ని అవుట్‌వెయ్ చేసినట్టు. లాభాలు నష్టాలను అవుట్‌వెయ్ చేస్తాయి. ఊరికే ఇది ముఖ్యం అనడానికి ఆ మాట పనికిరాదు, ఎదురుగా రెండోది ఉండాలి. "మీ ఇంటి సంగతి మీద ఒక వాక్యం రాసుకురండి" అన్నారు.

మా ఇంట్లో అప్పుడున్న సంగతి ఒక్కటే, నాయనమ్మ కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో శుక్లం. డాక్టరు మే నెలలో రమ్మన్నాడు. ఆ తర్వాత నెలన్నర పొగ, కారం దగ్గరికి పోకూడదన్నాడు. సరిగ్గా అవే ఆవకాయ రోజులు. ఆగిరిపల్లి తోట నుంచి కాయలు దిగాలి, టెంక ముదరాలి, పండకముందే ముక్కలు కొట్టాలి. మా చుట్టాలందరికీ ఆవకాయ కలిపే చెయ్యి నాయనమ్మదే.

"కాయ ఆగదు, శుక్లం ఆగుతుంది" అని తేల్చేసింది. ఆలస్యమైతే చూపు రాకపోవచ్చని నాన్న బతిమాలాడు. ససేమిరా! నాకు ఒళ్ళు మండిపోయింది. పచ్చడి కోసం కన్ను పోగొట్టుకునే మనిషిని ఎక్కడైనా చూశామా? ఆ కోపంతోనే రాశాను: చూపు ఆవకాయను అవుట్‌వెయ్ చేస్తుంది. మాస్టారు టిక్కు పెట్టారు.

ఇంటికొచ్చి ఆ వాక్యం తెలుగులో నాయనమ్మకి వినిపించాను. చేటలో ఆవాలు పోసుకుని వేళ్ళతో తడుముతూ రాళ్ళు ఏరుతోంది.

"చాల్లే, పెద్ద చెప్పొచ్చావు! ముక్కకి టెంక ఉందో లేదో కంటితో చూస్తున్నాననుకున్నావేంటి? ఎన్నాళ్ళ నుంచో వేలితోనే" అంది.

"అందుకేగా చేయించుకోమంటున్నాం! వచ్చే ఏడు హాయిగా చూసి కలుపుకోవచ్చు."

ఏరడం ఆపింది. "చూపు రాకపోతేనో? ఇప్పుడంటే మసగ్గా కనపడుతోందని ఊరుకుంటున్నారు. గుడ్డిదాన్నయ్యాక నన్ను జాడీ ముట్టుకోనిస్తారటే? ఈ ఒక్క ఏడూ నా చేత్తో పెట్టనివ్వండి."

ముట్టుకోనిస్తామని చెప్పబోయాను. అమ్మ మాట గుర్తొచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఆవకాయ తనే కలుపుతానని, నాయనమ్మ చేతికి వదిలితే ఇంక పళ్ళ కింద రాళ్ళేనని, అమ్మ ఆ పొద్దున్నే పిన్నితో అంది. అప్పుడు నాయనమ్మ పక్క గదిలోనే ఉంది.

డాక్టర్ని జూన్‌లో ఇంకో రోజు అడగమని నాన్నతో నేనే చెప్పాను.