జకర్యా గీకిన మచ్చ

మా ఆయన జకర్యాకు ఒక జబ్బు ఉంది. మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు ఉండనివ్వడు. రెజిమెంటల్ బజారులోని మా ఫోటో దుకాణానికి ఎవరొచ్చినా, నెగెటివు మీద పెన్సిల్ పట్టి ముడతలు పూడ్చేవాడు, చిన్న కత్తితో మచ్చలు గీకేవాడు. పెళ్ళిచూపుల ఫోటోలైతే సరే. అందరికీ అదే వైద్యమా?

పోలీసు చర్యకు ముందు ఏడాది, పరిశోధన చేసే దొర ఒకాయన వచ్చాడు. ఏ కులంవాళ్ళు ఎలా ఉంటారో, ఎలా బతుకుతారో ఫోటోలతో పుస్తకం రాస్తాడట. తిరుమలగిరి గుట్టల్లో రాళ్ళు కొట్టే వడ్డెరవాళ్ళను ఎదురుగా ఒకటి, పక్కగా ఒకటి తీసిపెట్టమన్నాడు. దేన్నీ దిద్దవద్దని మరీ మరీ చెప్పాడు. నేను పక్కనే ఉండి విన్నాను.

ఈయన వింటేనా? "పేదోళ్ళు మార్తా, పుట్టి బుద్ధెరిగినంక ఇదే మొదటి ఫోటో. జెర మంచిగ కనపడనియ్" అన్నాడు. వాళ్ళలో పర్వతాలు అనే అతనికి రాతిపెచ్చు ఎగిరి తగిలి, కంటి కింద నుంచి దవడ దాకా తెల్లటి మచ్చ ఉండేది. రెండు ఫోటోల్లోనూ దాన్ని నున్నగా గీకేశాడు. దొర చూసి, ఇవి నాకెందుకూ పనికిరావని బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్తే వినని మనిషితో ఎన్నాళ్ళని వేగేది?

పోలీసు చర్య అయిన కొద్దిరోజులకే పర్వతాలును అనుమానం మీద మిలిటరీవాళ్ళు పట్టుకుపోయారు. అతని భార్య సాయమ్మ ఊరవతల ఖైదీల శిబిరానికి పోతే, లోపల ఇసకేస్తే రాలనంత జనం, పేరు చెప్తే దొరకడు, ఫోటో తెమ్మన్నారట. ఆమె పరుగున మా దగ్గరికి వచ్చింది. మా ఆయన నెగెటివు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. పెన్సిల్ గీతైతే తుడిచేయవచ్చు, కత్తితో గీకింది తిరిగి రాదు. ఉన్న ఫోటోనే ఇచ్చి పంపాడు.

సాయంత్రానికి ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. మనిషికి గుర్తులేమిటని కాపలావాడు అడిగితే మచ్చ సంగతి చెప్పిందట. ఫోటోలో మచ్చేదీ, ఎవరి ఫోటో తెచ్చావని గేటు దగ్గర నుంచే తరిమేశాడట.

నేనైతే దుకాణానికి నిప్పు పెట్టేదాన్ని. సాయమ్మ గొంతు కూడా పెంచలేదు. ఫోటో బల్ల మీద పెట్టి మా ఆయనను అడిగింది.

"గా మచ్చతోనే గదయ్యా నేను లగ్గం చేసుకున్న. నాకు లేని తక్లీఫ్ నీకేందీ?"