నల్లదొర తమ్ముని పాట

ఫోన్ జేస్తే హలో అనేలోపే కార్డు ఖతమయ్యే రోజులవి. అందుకే మా క్యాంపుల అందరం క్యాసెట్ల మాటలు నింపి, ఊరికి పోయేటోని చేతిల పెడుతుంటిమి. ఇంటోళ్ళు అదే క్యాసెట్ల, మా మాట ఆగిన కాడినుంచి జవాబు నింపి, దుబాయ్ పోయేటోనికి ఇస్తుండిరి. (మేముండేది ఖతార్ల. ఊరోళ్ళకు గల్ఫంత దుబాయే. చెప్పీ చెప్పీ నోరు నొచ్చి ఊకున్నం.)

ఇండస్ట్రియల్ ఏరియాల మా వర్క్‌షాపుకు లండన్ ఫోర్‌మన్ వస్తుండంటె, నేను, మా బావ అంగీలు ఇస్త్రీ జేసుకొని నిలబడ్డం. కారు దిగిన మనిషి మాకంటె నలుపు. "సాబ్ కిదర్ హై?" అని బావ ఆయననే అడిగిండు. "నేనే" అని చూపించుకొని పడి పడి నవ్విండు పెద్దమనిషి. అమ్మానాయిన జమైకా దీవి నుంచి వచ్చినోళ్ళు, ఆయన పుట్టింది లండన్లనే. ఆ దినం నుంచి మాకు నల్లదొర.

పని కాడ ఆయన టేపురికార్డర్ల ఎప్పుడూ ఒకటే క్యాసెట్. ముందుగాల చెవులు పగిలే కేకలు, ఆ తర్వాత నిమ్మళంగ ఊగే పాట. "గిదేం పాట సార్, కొట్లాట లెక్కున్నది" అంటె, కొట్లాటనే అన్నడు. ఆయన వయసుల ఉన్నప్పుడు, మీ దేశం పొమ్మని తెల్ల పోకిరోళ్ళు నల్లోళ్ళను కొడుతుండిరట. దానికి ఎదురుగ, జుట్టు ముండ్ల లెక్క నిలబెట్టిన తెల్ల పిల్లగాండ్లు పంక్ అని కేకల పాట, నల్ల పిల్లగాండ్లు రెగె అని ఊగే పాట, ఒక్కటే స్టేజీ మీద పాడిండ్రట. మైదానం నిండ రెండు రంగులోళ్ళు కలిసి నిలబడ్డరట. గా ఊగే పాట పాడింది దొర తమ్ముడు. ఆ తర్వాత ఒకనాడు బస్టాపు కాడ గా పోకిరోళ్ళే గుంపుగ వచ్చి తమ్ముణ్ణి కొట్టి సంపిండ్రు. ఆయన గొంతు మిగిలింది గా క్యాసెట్లనే. "పొమ్మంటె మనమైతె ఉరుక్కుంట పోదుము. పాపం, ఆయనకు పోనీకె వేరే ఇల్లే లేకపాయె" అన్నడు బావ. ఎవలికీ నవ్వు రాలె.

గసొంటి క్యాసెట్ మీదనే మా బావ, ఒక శుక్రవారం టేపురికార్డర్ అడుక్కొచ్చి, లోపల ఏమున్నదో సూడకుంట, "అమ్మా, నేను మంచిగున్న" అని నింపి ఊరికి పంపిండు! సంగతి తెలిసినంక ఉరికిపోయి దొర కాళ్ళ మీద పడ్డడు. దొర తిట్టలె. "ఎంతసేపు మాట్లాడినవ్?" అన్నడు మెల్లగ. "ఏడుపొచ్చేదాక సార్. జరంతసేపే." అంటె పోయింది కేకల పాటే. కాని జవాబు నింపేది దాని ఎంబడే, తమ్ముని పాట మీదనే గద! ఊళ్ళె ఫోన్ లేదు, ఉత్తరం చేరేటాల్లకు జవాబే వస్తది. మా అత్తమ్మ నోరు తెరిస్తె క్యాసెట్ అయిపోతెనే మూసేది. నేనైతె ఆశ విడిచిన.

క్యాసెట్ వచ్చింది. దొర ముందర పెట్టి నేనే మీట నొక్కిన. మొదట్లనే అత్తమ్మ గొంతు.

"కొడుకా, నీ మాట ఆగంగనె ఎవలో పిలగాడు పాడుతుండు. భాష తెల్వది గని మూడుసార్లు పెట్టిచ్చుకొని ఇన్న. అక్కడ నింపితె ఆని పాట పోతదన్నరు. అందుకే నీ మాట మీదనే మాట్లాడుతున్న బిడ్డా. నువ్వు మల్ల మాట్లాడి పంపుతవు. ఆడు మల్ల పాడుతడో లేదో."

తర్వాత దొర తమ్ముడు పాడిండు. మొత్తం పాట. అన్ని దినాలు క్యాంపుల ఇంగ్లీషు వచ్చినోణ్ణని ఫోజు కొట్టిన నాకు, అప్పుడు అత్తమ్మ మాట తిప్పి చెప్పనీకె ఒక్క ముక్క రాలె. "వెరీ గుడ్ మదర్, సార్" అన్న. దొర నా చెయ్యి పట్టుకొని ఎక్కెక్కి ఏడ్సిండు. గా ఇంగ్లీషు యాదికొస్తె ఇప్పటికీ నవ్వొస్తది నాకు, కండ్లల్ల నీళ్ళు గూడ.