నాలుక గీసుకోని వారం

మా ఆయన చెయ్యి ఇంకో ఆడమనిషి చేతిలో ఉండగా, ఎదురుగా కుర్చీలో కూర్చుని చూడాల్సి వచ్చింది నాకు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, జుట్టంతా తెల్లబడింది. అయినా నా కడుపుమంట తగ్గలేదు.

చలికాలం నుంచి ఆయనకి నిద్ర సరిగ్గా లేదు, అన్నం సయించడం లేదు. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఏమైందని అడిగితే "ఏం లేదు" అనేవారు. చివరికి ఆఫీసులో ఎవరో చెప్పారని ఎడిసన్ ఊళ్ళో ఈ చైనా వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేసుకున్నారు. నేనూ బయల్దేరాను. ఆ గదిలో ఎండు వేళ్ళ వాసన, గోడ మీద ఒంటినిండా చుక్కలున్న మనిషి బొమ్మ.

ఆవిడ ఆయన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక్కో వేలి కింద ఒక్కో అవయవం సంగతి తెలుస్తుందట. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ చేతిని నేనెప్పుడూ అంతసేపు పట్టుకోలేదని గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.

తర్వాత నాలుక చూపించమంది. చూసి పెదవి విరిచింది. మావాళ్ళందరిలాగే ఆయనా పొద్దున్నే రాగి నాలుకబద్దతో బరబరా గీసుకున్నారు. డాక్టరు దగ్గరికి కదా అని ఆ రోజు ఇంకో రెండుసార్లు ఎక్కువే గీసుకున్నారు. నాలుక మీది పూతే తనకి రిపోర్టనీ, దాన్ని చెరిపేసుకుని వస్తే ఇక తను చదివేదేముందనీ ఆవిడ అంది. వారం రోజులు గీసుకోకుండా రమ్మంది.

ఆ గీకుడూ, ఆ డోకులూ కాస్త తగ్గించమని నేను ఏళ్ళ తరబడి చెవినిల్లు కట్టుకుని పోరాను. విన్లేదు. ఆవిడ ఒక్క ముక్క అనగానే నాలుకబద్ద సొరుగులోకి పోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? వారమంతా వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు నాలుక మీద మందంగా పట్టిన తెల్లటి పూత చూసి ఆవిడ సంతోషించింది. అరుగుదల చూసుకునే ప్లీహం నీరసించిందని చెప్పింది. వాళ్ళ వైద్యంలో కోపం లివర్‌ని పట్టుకుంటుందట, భయం కిడ్నీలని, దిగులు ప్లీహాన్ని. మరి అసూయ ఎక్కడుంటుందో అడుగుదామనుకున్నాను. ఈలోపు ఆవిడే నా వైపు తిరిగి నా నాలుక కూడా చూపించమంది. అంచులు ఎర్రగా ఉన్నాయి, లివర్‌లో వేడి ఉంది అంది. మా ఆయన నవ్వాపుకోవడం నేను చూశాను.

ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, మోకాళ్ళ కిందా పాదాల మీదా సన్నటి సూదులు గుచ్చింది. దేని గురించి దిగులు అని మెల్లగా అడిగింది. అడిగి, మళ్ళీ నాడి మీద వేళ్ళు పెట్టి, ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది.

"చలికాలంలో మా ఆవిడ కార్ ఐస్ మీద స్కిడ్ అయింది," అన్నారాయన ఇంగ్లీషులో, సీలింగ్ వైపు చూస్తూ. "తనకేం కాలేదు. కానీ అప్పట్నించి తను డ్రైవ్ చేస్తోందంటే నాకు ముద్ద దిగదు."

నేను ఎప్పుడో మర్చిపోయిన సంగతి అది. బంపర్ సొట్టపోయింది, అంతే. నా గురించిన దిగులు, ముందు నాకు చెప్పాల్సింది, నా కళ్ళ ముందే ఇంకొకావిడకి చెప్పేశారు. ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా అసూయే ఎక్కువ వచ్చింది.

కార్‌లో కూర్చున్నాక, నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"నువ్వూ అడుగుతావు, నిద్రపట్టిందా అని. నేను నోరు తెరిచేలోపు లంచ్ బాక్స్ సర్దుకుంటూ ఉంటావు," అన్నారు. "ఆవిడ అడిగాక ఆగింది."

తాళంచెవి పక్కన పెట్టేశాను. ఆయన చెయ్యి లాక్కుని మణికట్టు మీద నా మూడు వేళ్ళూ ఆనించాను. నాకు ప్లీహం తెలియలేదు, లివర్ తెలియలేదు, నాడి కొట్టుకోవడం ఒక్కటే తెలిసింది. ఇంకా ఏమేం దిగుళ్ళున్నాయో చెప్పమని అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. మధ్యమధ్య డాష్‌బోర్డు మీద టైమ్ చూసుకుంటూనే ఉన్నాను, ఆవిడ కంటే ఒక్క నిమిషమైనా ఎక్కువసేపు పట్టుకోవాలని.